రెండు రాత్రుల్లో అల్ ఉలా: ఏది ముందు చూడాలి, ఎలా వెళ్లాలి

సౌదీలో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు నాలుగు రోజులు సెలవు దొరికితే అబ్హా కొండలో, బహ్రెయిన్ వంతెనో గుర్తొస్తాయి. అల్ ఉలా పేరెత్తితే "అక్కడేముంది, రాళ్లే కదా" అనేస్తారు. నిజమే, రాళ్లే. కాకపోతే ఆ రాళ్ల మీద వేల ఏళ్లుగా మనుషులు తమ మొక్కులూ, తండ్రుల పేర్లూ, ఆస్తి దస్తావేజులూ చెక్కి పెట్టుకున్నారు. అంత దగ్గర్లో ఉండి చూడకుండా వీసా ముగించుకుని ఇంటికి వెళ్లిపోవడం నాకైతే బాధగా అనిపిస్తుంది.

మదీనాకు ఉత్తరంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, ఎర్రటి ఇసుకరాతి కొండల మధ్య ఖర్జూర తోటలున్న ఒయాసిస్సు అల్ ఉలా. యెమెన్ నుంచి సాంబ్రాణి, బోళం వేసుకుని గాజా రేవు వైపు నడిచే ఒంటెల బిడారులు నీళ్ల కోసం ఇక్కడ ఆగేవి. ఆ నీటి మీద పట్టున్నవాళ్లు బిడారుల దగ్గర సుంకం వసూలు చేసుకుని రాజ్యాలు కట్టుకున్నారు. మొదట దాదాన్, తర్వాత లిహ్యాన్, ఆపైన నబాతీయులు, రోమన్లు. బిడారుల కాలం పోయాక హజ్ యాత్రికుల దారి, చివరికి ఒట్టోమన్ల రైలు.

వచ్చినవాళ్లలో చాలామంది పేరున్నది కదా అని ముందు నబాతీయులు కొండల్లో సమాధులు తొలిచిన హెగ్రాకి పరిగెత్తుతారు. ఆ తర్వాత చూసినవన్నీ చప్పగా అనిపిస్తాయి, దాదాన్ అసలు వదిలేస్తారు. నేను చెప్పేది దీనికి తిరగేసి: ఏ కాలంలో పుట్టింది ఆ వరుసలోనే చూడండి. ముందు పాత రాజధాని దాదాన్, దాని వెంట శాసనాల లోయ జబల్ ఇక్మా ('జబల్' అంటే కొండ), మర్నాడు హెగ్రా, ఆ సాయంత్రం పాత ఊరు. ఈ వరుసకు రెండు రాత్రులు సరిగ్గా సరిపోతాయి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే.

1. నెల, తేదీ ఖాయం చేసుకోండి

అక్టోబరు చివరి నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం. ఎండాకాలంలో పగలు 40 డిగ్రీలు దాటిపోతుంది. రాళ్ల మధ్య నీడ లేని చోట పిల్లల్నీ పెద్దవాళ్లనీ తిప్పలేం. డిసెంబరు, జనవరిలో పగలు హాయిగా ఉన్నా రాత్రి బాగా చలేస్తుంది. రియాద్ చలికే అలవాటుపడ్డాం అనుకోకుండా దళసరి జాకెట్టు, చెవులు కప్పే టోపీ పెట్టుకోండి.

ఆ నెలల్లోనే 'వింటర్ ఎట్ తంతోరా' ఉత్సవాలు జరుగుతాయి. సందడి బాగుంటుంది గానీ గదుల అద్దెలు చుక్కలనంటుతాయి. ఫిబ్రవరి 22న వచ్చే సౌదీ జాతీయ సెలవు ఫౌండింగ్ డే చుట్టూ వచ్చే వారాంతం కూడా అంతే. వీలైతే ఆదివారం నుంచి బుధవారం లోపు పెట్టుకోండి. ఖర్చు తగ్గుతుంది, జనమూ తక్కువ. వారాంతమే కుదిరితే శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణాలు మూసి ఉంటాయన్నది లెక్కలో వేసుకోండి. ఈ మధ్య రంజాన్ నెల సరిగ్గా ఈ మంచి కాలంలోనే పడుతోంది. అప్పుడు సందర్శన వేళలు మారతాయి, పగలు బయట తినడం తాగడం కుదరదు.

ఇంకొక మాట. ఎడారిలో నక్షత్రాలు చూడాలని మనసుంటే తేదీ వేసుకునేముందు తెలుగు క్యాలెండర్ తిరగేసి అమావాస్య దగ్గర పడేలా చూసుకోండి. పున్నమి వెన్నెల్లో కొండలు బాగుంటాయి గానీ పాలపుంత కనిపించదు.

2. కాగితాలు

ఇఖామా (సౌదీ నివాస కార్డు) ఉన్నవాళ్లకు దేశం లోపల తిరగడానికి వేరే అనుమతి అక్కర్లేదు. దారిలో చెక్‌పోస్టులుంటాయి కాబట్టి ఇఖామా, కారు ఇస్తిమారా (రిజిస్ట్రేషన్ కార్డు) చేతికందేలా పెట్టుకోండి. ఉమ్రా వీసా మీద వచ్చినవాళ్లూ ఇప్పుడు మక్కా, మదీనాలకే పరిమితం కానక్కర్లేదు; హైదరాబాద్ నుంచి వచ్చే కుటుంబాలు మదీనా బస మధ్యలో ఒక రాత్రి ఇటు వచ్చి వెళ్లవచ్చు. దుబాయ్, కువైట్, ఖతర్ లాంటి చోట్ల రెసిడెన్సీ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో టూరిస్ట్ వీసాకు పెట్టుకోవచ్చు. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉండి, కనీసం ఒకసారి వాడిన భారతీయులకూ ఆ వీలుంది. ఇండియా నుంచి నేరుగా వచ్చే మిగతావాళ్లు వీసా కేంద్రానికి వెళ్లి పెట్టుకోవాలి. ఈ నిబంధనలు తరచూ మారతాయి, టికెట్టు కొనేముందు ప్రభుత్వ వీసా సైటులో ఒకసారి సరిచూసుకోండి.

3. దారి: హరమ్ సరిహద్దు సంగతి ముందే తెలుసుకోండి

రియాద్ నుంచైతే విమానమే మేలు. రోడ్డున 1,000 కిలోమీటర్లు దాటుతుంది, పోను ఒక రోజు, రాను ఒక రోజు అందులోనే పోతుంది. అల్ ఉలాకు సొంత విమానాశ్రయం ఉంది. రియాద్, జిద్దా నుంచి సర్వీసులున్నాయి, దుబాయ్ నుంచి కూడా. ముందుగా కొంటే టికెట్టు అందుబాటులోనే ఉంటుంది.

జిద్దా నుంచి నలుగురైదుగురు కలిసి కారులో వెళ్తే ఖర్చు చాలా కలిసొస్తుంది. దాదాపు 700 కిలోమీటర్లు, మధ్యలో ఆగుతూ ఎనిమిది గంటలు వేసుకోండి. ఇక్కడే ఒక జాగ్రత్త. మదీనా నగరం నడిబొడ్డున హరమ్ (పవిత్ర ప్రదేశం) పరిధిలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదు. మ్యాప్‌లో అల్ ఉలా అని కొట్టి కళ్లు మూసుకుని నడిపితే అది దగ్గరి దారి చూసుకుని ఊళ్లోంచి తీసుకుపోవచ్చు. కారులో ముస్లిమేతరులు ఒక్కరున్నా బయటి రింగ్ రోడ్డు మీదుగానే వెళ్లేలా మధ్యలో పాయింట్లు పెట్టుకోండి. నగరం దగ్గరవుతుంటే హరమ్ హద్దు తెలిపే బోర్డులు వస్తాయి, అవి చూసి దారి మారండి. మదీనా విమానాశ్రయం ఆ హద్దుకు బయటే ఉంది. కాబట్టి అక్కడ దిగి కారు అద్దెకు తీసుకుని నేరుగా ఉత్తరానికి వెళ్లడం ఎవరికైనా ఇబ్బంది లేని పద్ధతి. అసలు మదీనా ఛాయలకే వెళ్లకుండా యాన్బు మీదుగానూ రావచ్చు, కొంచెం చుట్టు.

ఈ హద్దు నిన్నమొన్నటిది కాదు. 1326లో డమాస్కస్ నుంచి హజ్‌కు వెళ్తూ ఈ దారిన నడిచిన ఇబ్న్ బతూతా, సిరియా క్రైస్తవ వర్తకులు అల్ ఉలా దాకా వచ్చి, యాత్రికులకు సరుకులమ్ముకుని, అక్కడి నుంచి ముందుకు పోరని రాశాడు. యాత్రికులు నాలుగు రాత్రులు ఈ ఊళ్లో ఆగి, బట్టలుతుక్కుని, అదనపు సామాను ఊరివాళ్ల దగ్గర దాచి, అవసరమైనంతే మోసుకుపోయేవాళ్లట. ఊరివాళ్ల నిజాయితీ అంత పేరున్నది.

చీకటి పడ్డాక ఈ రోడ్ల మీద నడపకండి. వీధి దీపాలుండవు, ఒంటెలు ఉన్నట్టుండి అడ్డం వస్తాయి. ఒంటె కాళ్లు పొడుగు, గుద్దితే దాని ఒళ్లంతా అద్దం మీదే పడుతుంది. పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా టాంకు సగం ఉన్నా నింపుకోండి, నీళ్ల కేసు ఒకటి డిక్కీలో ఉండాలి.

4. టికెట్లు ఇంటి దగ్గరే కొనుక్కోండి

హెగ్రాలోకి సొంత కారు రానివ్వరు. 'ఎక్స్‌పీరియన్స్ అల్ ఉలా' యాప్‌లోనో సైటులోనో రోజు, గంట ఎంచుకుని టూరు కొనుక్కోవాలి. వాళ్లు చెప్పిన చోటు నుంచి బస్సులో తీసుకెళ్లి తిప్పుతారు. పాత ల్యాండ్ రోవర్ జీపులో తిప్పే టూర్లూ ఉన్నాయి, ధర బాగా ఎక్కువ. చూసేవి అవే కాబట్టి బస్సు టూరు చాలు. దాదాన్, ఇక్మాలకు కలిపి ఇంకో టికెట్టు. గేటు దగ్గర కొందాంలే అని వచ్చి సీజన్లో వెనక్కి వెళ్లేవాళ్లను చూస్తుంటాం. బయలుదేరే చోటు ఏదో టికెట్టు మీద మళ్లీ చదువుకుని, అరగంట ముందే అక్కడుండండి.

స్లాట్లు ఇలా తీసుకోండి: దాదాన్, ఇక్మాకు మొదటి రోజు మధ్యాహ్నం, హెగ్రాకు రెండో రోజు పొద్దున్నే దొరికిన మొదటి బస్సు.

5. బస, బండి, భోజనం

కొండల మధ్య కనిపించే రిసార్టుల ఫొటోలు చూసి గుండె జారవిడుచుకోకండి. ఊళ్లో మామూలు హోటళ్లు, వంటగది ఉన్న ఫర్నిష్డ్ అపార్టుమెంట్లు, ఖర్జూర తోటల్లో అద్దెకిచ్చే ఇళ్లు ఉన్నాయి. కుటుంబంతో వెళ్తే తోటలోని ఇల్లే తీసుకోమంటాను. పొద్దున లేచి చెట్ల మధ్య నడిస్తే ఈ ఊరు ఇన్ని వేల ఏళ్లు ఎందుకు బతికిందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

విమానంలో వచ్చినవాళ్లు విమానాశ్రయంలోనే కారు తీసుకోవాలి. చోట్లన్నీ ఒకదానికొకటి దూరం, ట్యాక్సీల మీద ఆధారపడితే సగం రోజు ఎదురుచూపులకే పోతుంది. అద్దె కార్లు కూడా సీజన్లో అయిపోతాయి, ముందే బుక్ చేయండి.

శాకాహారులకు పొద్దున ఫూల్ (ఉడికించిన చిక్కుడు గింజల కూర), తమీజ్ రొట్టె, ఫలాఫెల్ (శనగ వడలు) దొరుకుతాయి. మధ్యాహ్నం మాత్రం కష్టం. కబ్సా, మద్‌ఫూన్ లాంటి అన్నం వంటకాలన్నీ మాంసంతోనే. మొదటి రోజుకు పులిహోర కలిపి పెట్టుకుంటే దిగులుండదు, గదిలో వంటగది ఉంటే మిగతా పూటలకు కుక్కరుంటే చాలు. ఖర్జూరం మాత్రం ఇక్కడే కొనండి. బర్నీ రకానికి ఈ తోటలు పేరున్నవి.

బట్టలు వదులుగా, ఒళ్లు కప్పేలా ఉండాలి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి, ఇసుకలో నడక ఎక్కువ. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తెచ్చుకోండి. ఎందుకో దాదాన్‌లో తెలుస్తుంది. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదు, మనుషుల్ని, ముఖ్యంగా ఆడవాళ్లని, అడగకుండా ఫొటో తీయకూడదు. నేల మీద కుండ పెంకు కనిపించినా, చెక్కిన రాయి కనిపించినా జేబులో వేసుకోకండి. పురావస్తు చట్టం గట్టిది, అది అలా ఉంచి, ఆ పెంకు ఎక్కడ పడి ఉందన్నదే తవ్వేవాళ్లకు ఆధారం.

6. మొదటి రోజు మధ్యాహ్నం: దాదాన్, జబల్ ఇక్మా

దాదాన్ ఒక రాజధాని. క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో ముందు దాదాన్ రాజులు, తర్వాత లిహ్యాన్ రాజులు ఇక్కడి నుంచి ఏలారు. యెమెన్ నుంచి వచ్చిన మయీన్ వర్తకులు ఇక్కడ కాపురాలు పెట్టి, తమ సొంత లిపిలో శాసనాలు వేయించుకున్నారు. కింద గోడల పునాదులు, ఒకే రాతిని తొలిచిన పెద్ద గుండ్రటి తొట్టి కనిపిస్తాయి. సాలిహ్ ప్రవక్త ఆడ ఒంటె పాలు అందులో పితికేవారని స్థానికులు చెప్పుకుంటారు.

అసలు చూడాల్సింది తలెత్తితే ఉంది. ఎర్రటి నిట్ట కొండ మీద చాలా ఎత్తులో చదరంగా తొలిచిన సమాధులు, వాటిలో రెండింటి పైన ఎదురుగా చూస్తున్న సింహాలు. ఎవరిని పెట్టారో తెలియజేసేంత పెద్ద ముఖద్వారాలేమీ లేవు, చదరపు గుంతలు, పైన సింహాలు, అంతే. కొండ పడమటికి తిరిగి ఉంది కాబట్టి మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా వాటి మీద పడుతుంది. పైకి ఎక్కనివ్వరు. మామూలు కంటికి బొమ్మల ఆకారమే తెలుస్తుంది, బైనాక్యులర్ పెడితే కాళ్లు, నోరు విడివిడిగా కనిపిస్తాయి.

అక్కడి నుంచి ఇక్మా దగ్గర్లోనే. ఇది సన్నటి లోయ. రెండు పక్కలా బండల మీద వందల శాసనాలు, ఎక్కువ భాగం దాదాన్ లిపిలో. 2023లో యునెస్కో దీన్ని 'మెమరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో చేర్చింది. ఇక్కడ తొందరపడకండి. గైడు ముందుకు పోతున్నా ఒక్క బండ దగ్గర ఆగి రెండు నిమిషాలు చూడండి. కొన్ని అక్షరాలు రాతిలోకి గీసినవి. కొన్ని చుట్టూ రాయి తొలిచేసి, అక్షరాన్ని ఉబ్బెత్తుగా వదిలినవి. వాటికి ఎంత కూలి, ఎంత ఓపిక పట్టి ఉంటుందో ఊహించుకోండి. మాటకూ మాటకూ మధ్య నిలువు గీత పెట్టారు. ఆ గీతలు పట్టుకుంటే ఆ భాష రాకపోయినా మాటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో లెక్కపెట్టవచ్చు, కుడి నుంచి ఎడమకు.

ఏం రాశారు? చాలావరకు మొక్కులు. ఫలానావాడి కొడుకు ఫలానావాడు, తన పంట కోసం, తన ఖర్జూర చెట్ల కోసం, ధూ ఘాబత్ అనే దేవుడికి క్రతువు చేయించాడు, ఆ దేవుడు అతన్ని చల్లగా చూడాలి. రాజుల గొప్పలు కావు, రైతుల కోరికలు. హెగ్రాకు ముందు ఇది చూసి ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎడారి అంటే ఖాళీ అన్న అభిప్రాయం ఈ లోయలోనే పోతుంది.

పొద్దుగూకేలోపు జబల్ అల్ ఫీల్ దగ్గరికి చేరుకోండి. తొండం నేలకు ఆనించిన ఏనుగులా ఉండే 52 మీటర్ల రాతికొండ అది. గాలీ నీరూ కోసిన ఆకారం, మనిషి చేయి పడలేదు. ఇసుకలో కూర్చునే ఏర్పాట్లు, టీ, కాఫీ ఉంటాయి. పిల్లలు ఇక్కడే అన్నింటికన్నా ఎక్కువ ఆనందిస్తారు. చంద్రుడు లేని రాత్రైతే ఘరామీల్ రాతి స్తంభాల దగ్గరికి నక్షత్రాల టూరు తీసుకోండి. సొంతంగా వెళ్లకండి, ఇసుకలో బండి దిగబడుతుంది.

7. రెండో రోజు పొద్దున: హెగ్రా

సౌదీలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కిన మొదటి చోటు ఇదే, 2008లో. పాత పేరు మదాయిన్ సాలిహ్, ఖురాన్‌లో అల్ హిజ్ర్. 111 పెద్ద సమాధులు, వాటిలో 94 అలంకరణ ఉన్నవి. జోర్డాన్‌లోని పెట్రా ఎవరు కట్టారో ఆ నబాతీయులదే ఇదీ. పెట్రా తర్వాత వాళ్లకు ఇంత పెద్ద నగరం ఇంకోటి లేదు. మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న రోజులవి.

ముందుగా ఒక విషయం. సాలిహ్ ప్రవక్త మాట పెడచెవిన పెట్టి, ఆయన ఒంటెను చంపిన సమూదు జాతి నశించింది ఇక్కడేనని ముస్లింల నమ్మకం. తబూక్ దారిలో ప్రవక్త మహమ్మద్ ఇక్కడ ఆగకుండా వేగంగా దాటారని చెబుతారు. ఇబ్న్ బతూతా కాలంలో యాత్రికులు దాహంతో ఉన్నా ఇక్కడి బావుల నీళ్లు ముట్టేవాళ్లు కాదు. మీతో వచ్చిన ముస్లిం స్నేహితులు లోపలికి రాలేమంటే బలవంతపెట్టకండి, వచ్చినవాళ్లు గట్టిగా నవ్వొద్దంటే వినండి.

బస్సు నాలుగైదు చోట్ల ఆపుతుంది. ప్రతి చోటా రావీ అని పిలిచే స్థానిక గైడు ఉంటారు, ఎక్కువమంది ఈ ఊరి పిల్లలే, ఇంగ్లిషు చక్కగా మాట్లాడతారు. ఏం చూడాలో క్లుప్తంగా చెప్తాను.

జబల్ ఇత్లిబ్ దగ్గర కొండ చీలికలో సన్నటి సందు, దాని మొదట్లో దివాన్ అనే రాతి గది. ముందు గోడ లేదు, మూడు వైపులా కూర్చునే అరుగులు. విందులకు, పూజలకు చేరేవాళ్లు. సందులో గోడల మీద చిన్న గూళ్లు చూడండి. దేవుడంటే మొహం లేని నిలువు రాయి, అంతకుమించి వాళ్లకు విగ్రహం అక్కర్లేదు.

జబల్ అల్ బనాత్‌లో 29 సమాధులు కొండ చుట్టూ తొలిచి ఉన్నాయి. ఇక్కడ తలుపు పై భాగం మీదే దృష్టి పెట్టండి. గద్ద, పక్కన పువ్వులు, కొన్నిచోట్ల పాముల మధ్య మనిషి ముఖం. పైన మెట్లు మెట్లుగా రెండు వైపులా విడిపోయే కిరీటం. వాటి మధ్య పలకలా చదునుచేసి చెక్కిన శాసనం. ముప్పైకి పైగా సమాధులకు ఇలాంటి శాసనాలున్నాయి. పెట్రాలో ఇది బహు అరుదు, అందుకే పెట్రా చూసొచ్చినవాళ్లూ హెగ్రా చూడాలి. ఇవి అచ్చమైన దస్తావేజులు. సమాధి ఎవరిది, లోపల ఎవరెవరిని పెట్టొచ్చు, ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏట చెక్కారు, చెక్కిన శిల్పి ఎవరు. ఎవరైనా దీన్ని అమ్మినా, తాకట్టు పెట్టినా, అద్దెకిచ్చినా దూషర దేవుడికింత, రాజుకింత జరిమానా, పైగా శాపం. ఆస్తి తగాదాలు తరతరాలుగా చూసినవాళ్లం కాబట్టి మనకు ఇవి అర్థం కావడానికి గైడు అక్కర్లేదు. తేదీలు ఎక్కువగా 'తన ప్రజలను ప్రేమించే' నబాతు రాజు హారిథత్ పేరు మీద ఉంటాయి, క్రీ.పూ. 9 నుంచి క్రీ.శ. 40 దాకా ఏలినవాడు.

యజమానుల్లో ఆడవాళ్లున్నారు. వహ్బు కూతురు హినాత్ తన కోసం, తన పిల్లల కోసం, వాళ్ల సంతానం కోసం ఒకటి చేయించుకుంది. అందులో దొరికిన ఒక స్త్రీ పుర్రెను ఆధారంగా చేసుకుని 2023లో ఒక ముఖం తయారుచేశారు. ఆమెకు హినాత్ అని పేరు పెట్టి స్వాగత కేంద్రంలో ఉంచారు. అక్కడికి తిరిగొచ్చాక ఆ ముఖం చూస్తే తలుపు మీది పేరు మనిషిగా కనిపిస్తుంది.

చివర ఖసర్ అల్ ఫరీద్. కుజా కొడుకు లిహ్యాన్ సమాధి (ఇక్కడ లిహ్యాన్ మనిషి పేరు, రాజ్యం కాదు). మైదానంలో ఒంటరి బండ, దానిలో సుమారు 22 మీటర్ల ముఖద్వారం. మిగతావాటిలో స్తంభాలున్నవాటికి ఎక్కువగా రెండే ఉంటే దీనికి నాలుగు. అందరూ దూరం నుంచి ఫొటో తీసుకుని బస్సెక్కేస్తారు. మీరు దగ్గరికి వెళ్లి కింది భాగం చూడండి. పైన గుడ్డతో తుడిచినట్టు నున్నగా ఉన్న రాయి, కిందికి దిగేకొద్దీ గరుకుగా మారి, అడుగున ఉలి దెబ్బల వరుసలు వరుసలుగా మిగిలిపోయింది. పని పూర్తికాలేదు. ఎల్లోరా కైలాస దేవాలయంలాగే నబాతీయులూ పైనుంచి కిందికి చెక్కుతూ వచ్చారు, పరంజా కట్టాల్సిన పని లేకుండా. ఎందుకు ఆగిపోయిందో శాసనం చెప్పదు. కానీ పని ఎలా జరిగేదో ఈ ఆగిపోయిన సమాధే అన్నింటికన్నా బాగా చెబుతుంది.

ఇంత డబ్బు ఎక్కడికి పోయింది అని పిల్లలు అడగొచ్చు. క్రీ.శ. 106లో రోమ్ ఈ రాజ్యాన్ని కలిపేసుకుంది. అంతకుముందే వర్షకాలపు గాలుల పట్టు తెలిసిన నావికులు ఈజిప్టు రేవుల నుంచి నేరుగా మన దేశపు తీరాలకు ఓడలు నడపసాగారు. మిరియాలతోపాటు సాంబ్రాణీ సముద్రం దారి పట్టింది. ఒంటెల దారికి గిరాకీ తగ్గింది.

అదే ఆవరణలో హిజాజ్ రైల్వే స్టేషను భవనాలున్నాయి. డమాస్కస్ నుంచి మదీనాకు 1900లో మొదలుపెట్టి 1908కి పూర్తిచేసిన లైను. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని ఈ వైపు మళ్లీ కోలుకోలేదు.

8. అదే సాయంత్రం: పాత ఊరు

మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకోండి. ఇది సోమరితనం కాదు. పొద్దున చూసిందంతా తలకెక్కాలంటే విరామం కావాలి. నాలుగు దాటాక పాత ఊరికి రండి.

సుమారు 900 మట్టి ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, బయటి ఇళ్ల గోడలే కోటగోడగా నిలబడిన ఊరు. 12వ శతాబ్దం నుంచి 1980ల దాకా మనుషులున్నారు. సందుల మీద మేడ గదులు కప్పులా ఉండి నడిచేవాళ్లకు నీడనిస్తాయి. గోడల అడుగు వరుసల్లో రాళ్లు పరిశీలించండి. దాదాన్ శిథిలాల నుంచి తెచ్చి వాడిన రాళ్లున్నాయి, కొన్నింటి మీద నిన్న ఇక్మాలో చూసిన అక్షరాలే. ముందు ఇక్మా చూసినవాళ్లకే ఇవి కంటపడతాయి.

తంతోరా అనే నీడ గడియారాన్ని అడిగి చూడండి. ఏటా చలికాలం మొదట్లో ఒక్క రోజు దాని నీడ నేలలో పాతిన రాయిని తాకుతుంది. ఆ రోజు నుంచి విత్తనాలు, నీటి వంతులు లెక్కపెట్టుకునేవాళ్లు. కోట మెట్లు ఎక్కితే ఒక వైపు తోటలు, ఇంకో వైపు మట్టి కప్పులు. కింద బజారు వీధిలో భోజనం బాగుంటుంది, ధరలు పర్యాటకుల ధరలే. తక్కువలో కావాలంటే కొత్త ఊరి బూఫియాలకు (చిన్న టిఫిన్ దుకాణాలు) పొండి.

9. మూడో రోజు పొద్దున, తిరుగు ప్రయాణం

హర్రత్ వ్యూపాయింట్‌కి కారులో ఎక్కండి. పైన అంతా నల్లటి లావా రాయి, కింద ఎర్రటి ఇసుకరాయి, మధ్యలో పచ్చటి తోటల గీత. రెండు రోజులు తిరిగిన చోట్లన్నీ ఒక్కచోట నిలబడి గుర్తుపట్టవచ్చు. మలుపుల్లో ఎవరినీ ఓవర్‌టేక్ చేయకండి.

మరాయా అనే అద్దాల మందిరం గురించి అందరూ అడుగుతారు. 9,740 చదరపు మీటర్ల అద్దాలతో కట్టిన కచేరీ హాలు, కొండలు దాంట్లో ప్రతిబింబిస్తాయి. దగ్గరికి వెళ్లాలంటే ఏదో ఒక కార్యక్రమానికో రెస్టారెంటుకో బుకింగ్ ఉండాలి. లేకపోతే దీని కోసం సమయం పెట్టుకోకండి, ఆ రెండు గంటలూ ఖర్జూర తోటల నడకదారికిస్తే నయం.

కారులో తిరిగి జిద్దా వెళ్లేవాళ్లు పది గంటలకల్లా బయలుదేరండి, వెలుతురుండగానే పెద్ద హైవే చేరొచ్చు.

ఒక్క రాత్రే వీలైతే మరాయా, నక్షత్రాలు, హర్రత్ వదిలేయండి. మొదటి రోజు మధ్యాహ్నం దాదాన్, ఇక్మా, రాత్రి పాత ఊరు, మర్నాడు పొద్దున హెగ్రా చూసుకుని బయలుదేరండి. పాత ఊరు వరుస తప్పుతుంది, ఫరవాలేదు. ఇక్మాను మాత్రం వదలొద్దు. పెద్దవాళ్లతో వెళ్తే హెగ్రా బస్సులో డ్రైవరు దగ్గరి సీట్లు అడగండి, ప్రతి చోటా దిగక్కర్లేదు. బనాత్, ఫరీద్ రెండు చోట్ల దిగితే చాలు. మరుగుదొడ్లు స్వాగత కేంద్రాల దగ్గరే ఉంటాయి, బస్సెక్కేముందే ఆ పని చూసుకోమని అందరికీ చెప్పండి.